డాక్టరుతో చెప్పని పావురాలు

అలెక్ హెడ్లీ పదిహేనో ఏట మొదటి సిగరెట్ ముట్టించాడు. అరవై ఒకటో ఏట చివరిది ఆర్పాడు. ఆ మధ్యలో ఉత్తర ఇంగ్లండులోని ఆషింగ్టన్‌లో అతని బస్సెక్కని మనిషి లేడు, అతని పొగ పీల్చని మనిషీ లేడు. డ్యూటీ దిగీ దిగగానే వేళ్ల మధ్యకి కాగితం, పొగాకు వచ్చేసేవి. అతను సిగరెట్ చుట్టడం చూస్తే ముచ్చటేసేది. ముట్టించాక మాత్రం అందరూ కిటికీలు తెరిచేవాళ్లు.

అలాంటివాడు ఊపిరితిత్తుల గురించి భయపడేవాడంటే నవ్వొస్తుంది గానీ, నిజంగానే భయపడేవాడు. వాళ్ల నాన్న బొగ్గు గనిలో పనిచేసి, ఆ దుమ్మంతా ఛాతీలో నింపుకుని, యాభై ఎనిమిదేళ్లకే పోయాడు. పడుకుంటే ఊపిరాడదని ఆఖరి ఏడాదంతా కుర్చీలోనే నిద్ర. గోడ అవతల ఆ దగ్గు వింటూ పెరిగిన అలెక్ చచ్చినా గనిలోకి దిగనని ఒట్టేసుకున్నాడు. దిగలేదు కూడా, బస్సు స్టీరింగ్ పట్టుకున్నాడు. నోట్లో సిగరెట్ మాత్రం పెట్టుకున్నాడు. మన తెలివి అంతవరకే పనిచేస్తుంది.

గని వద్దనుకున్నా, తండ్రి దగ్గర్నుంచి పందెం పావురాల పిచ్చి మాత్రం తెచ్చుకున్నాడు. ఇంటి వెనక సందు దాటితే మునిసిపాలిటీ అద్దెకిచ్చే తోట చెక్కలున్నాయి. పేరుకే తోటలు, రెండు వరసల ఉల్లి మళ్లు తప్పిస్తే అన్నీ పావురాల షెడ్లే. ఆకుపచ్చ, తెలుపు చారలేసిన అలెక్ షెడ్డు వాళ్ల పడకగది, వంటింటి కిటికీల్లోంచి కనబడేది. అందులో అరవై రెండు పక్షులు. లారీలో తీసుకెళ్లి ఫ్రాన్స్‌లో వదిలితే సముద్రం దాటి ఆ చారలు వెతుక్కుంటూ వచ్చేవి. వాటిలో బూడిదరంగు ఆడపావురానికి డోరిస్ అని అత్తగారి పేరు పెట్టాడు. ఎంత దూరంలో దింపి వచ్చినా మళ్లీ మనింట్లోనే తేలుతుందని భార్య ఎవ్రిల్ ఎదుటే అనేవాడు. ఎవ్రిల్ కోపం నటించేది, పక్కకి తిరిగి నవ్వుకునేది.

కూతురు లీయాన్ కడుపుతో ఉన్నప్పుడు తండ్రి పుట్టినరోజుకి ఒక చిన్న పెట్టె తెచ్చింది.

"ఏంటే ఇది, పెన్నా?"

"వేప్ నాన్నా. నికోటిన్ ఉంటుంది, పొగ ఉండదు. క్లినిక్‌లో నర్సుని కూడా అడిగాను. సిగరెట్ మానడానికి ఇది వాడుకోవచ్చంది."

"ఇప్పుడు నన్నేం చేయమంటావు?"

"నా బిడ్డని నువ్వెత్తుకోవాలి. నీ దగ్గర యాష్‌ట్రే కంపు కొట్టకూడదు."

"మీ అమ్మ ముప్ఫై అయిదేళ్లు భరించింది."

"అమ్మకి వేరే దారి లేదు. నా బిడ్డకుంది."

మొదటి వారం ఇంట్లో ఎవరు పలకరించినా మీదపడి కరిచేవాడు. రెండో వారానికి పుదీనా రుచి అలవాటైంది. నెల తిరిగేసరికి పొగాకు డబ్బా కడిగి అందులో పావురాల కాలి ఉంగరాలు వేసుకున్నాడు. పావురాల క్లబ్బులో స్నేహితుడు జెఫ్ పర్విస్ ఊరుకుంటాడా? "ఒరేయ్ అలెక్, కెటిల్‌లా ఆవిరి వదులుతున్నావు. ఓ కప్పు టీ కూడా పోద్దూ" అన్నాడు. అలెక్ నవ్వాడు. కొండెక్కే సందులో ఆగకుండా నడుస్తున్నాడు మరి. మనవరాలు నెల్ పుట్టిన రోజున లీయాన్ పిల్లని అతని చేతుల్లో పెట్టి, అతని కాలరు వాసన చూసి, "పాసయ్యావు పో" అంది. నలభై ఆరేళ్ల వ్యసనాన్ని తండ్రి చేత మాన్పించానని కూతురు ఆఫీసులో అందరికీ చెప్పుకుని మురిసిపోయేది.

ఏడాది తిరక్కుండానే దగ్గు మొదలైంది.

పొద్దున్న బానే ఉండేవాడు. షెడ్డు ఊడ్చి, రెట్టలు గీకి, పక్షులకి మేత వేసి వచ్చేవాడు. సాయంత్రానికి ఒళ్లు వణికి, జ్వరం తగిలినట్టై, పొడి దగ్గు పట్టుకునేది. మర్నాటికి తగ్గేది. చలికాలం వచ్చేసరికి తగ్గడం మానేసింది. గోడ అవతల విన్న దగ్గు ఇప్పుడు తన నోట్లోంచే వస్తోంది.

"ఆ ఆవిరి గొట్టమే" అంది ఎవ్రిల్. "టీవీలో చూపించారు. లోపల ఏం నింపుతారో వాళ్లకే తెలీదట. సిగరెట్ అయితే కనీసం ఏంటో తెలిసిన విషం."

లీయాన్ చేతిలో కప్పు సింకులో పెట్టి, కొళాయి తిప్పి, కడిగిన కప్పునే మళ్లీ కడిగింది.

దగ్గు ఎందుకొస్తోందో అలెక్‌కి తెలియదా అంటే, ఆ తోట చెక్కల్లో తెలియనివాడు ఎవడు? పావురాల ఈకల, రెట్టల దుమ్ము కొందరి ఛాతీకి పడదని ఆ మనుషులందరికీ తెలుసు. తెలుసు కాబట్టే వాళ్లలో ఒక కట్టుబాటుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేముందు కోటు మార్చుకోవాలి, టోపీ ఇంట్లో పెట్టాలి, పక్షులున్నాయా అని అడిగితే లేవనాలి. చెప్పావా, పక్షులు పోతాయి. వాళ్లలోనే ఒకడైన హ్యూయీ రెన్‌విక్ చెప్పాడు, పక్షుల్ని తీసేశాడు, వచ్చే చలికాలానికి పోయాడు. "ఊపిరాడక కాదు, పొద్దున్నే లేచి ఎక్కడికెళ్లాలో తెలీక పోయాడు" అంటాడు జెఫ్.

అలెక్ కోటు మార్చుకున్నాడు. డాక్టరు అడిగాడు. "ఇంట్లో పక్షులేం లేవండి" అన్నాడు. పైగా జేబులోంచి వేప్ తీసి బల్లమీద పెట్టి, "మావాళ్లంతా దీనివల్లే అంటున్నారు" అన్నాడు. డాక్టరు దాన్ని చూసి ఏదో రాసుకున్నాడు. తప్పు చేసింది నేను కాదు, అది, అని నేరం ఒక ప్లాస్టిక్ గొట్టం మీదికి నెట్టి ఇంటికొచ్చాడు మహానుభావుడు. ఆ గొట్టం కొనిచ్చిన చెయ్యి ఎవరిదో ఆలోచించలేదు.

ఆ వసంతంలో ఎవ్రిల్ అతన్ని రెండు వారాలు స్పెయిన్ దీవి టెనెరీఫ్‌కి లాక్కెళ్లింది. పక్షుల్ని జెఫ్ చూశాడు. నాలుగో రోజుకి దగ్గు ఆగింది. బాల్కనీలో కూర్చుని పొద్దస్తమానం వేప్ పీలుస్తూనే ఉన్నాడు, దగ్గు మాత్రం రాలేదు. "సముద్రపు గాలి" అంది ఎవ్రిల్ సంబరంగా. "అవును, గాలే" అన్నాడు అలెక్. అప్పుడు అతనికి మిగిలిన కాస్త అనుమానం కూడా తీరిపోయింది. విమానం దిగి, పెట్టె గుమ్మంలో పడేసి, తిన్నగా షెడ్డుకి వెళ్లి డోరిస్‌ని చేతుల్లోకి తీసుకున్నాడు. రాత్రికి దగ్గు తిరిగొచ్చింది.

తరవాత లీయాన్ బతిమాలితే వేప్ కూడా మానేశాడు. దగ్గు తగ్గలేదు. అది ఆ పిల్లకి ఇంకా పెద్ద శిక్షయింది.

"ఇప్పుడు మానినా లాభం లేదేమో నాన్నా. చేయాల్సిందంతా అది చేసేసిందేమో. నిన్ను నీ మానాన వదిలేయాల్సింది."

"నీ తప్పేముందే, ఊరుకో" అన్నాడు అలెక్.

అంతవరకే అన్నాడు. ఆ తరవాత చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చేది, సరిగ్గా అప్పుడే కిటికీలోంచి చారల పైకప్పు కనబడేది. అలా రెండేళ్లు గడిపాడు. లీయాన్ చిక్కిపోయింది. వచ్చినప్పుడల్లా తండ్రి ఛాతీ కదలికే చూస్తూ కూర్చునేది. నెల్ ఆటలో ఏదైనా గొట్టం నోట్లో పెట్టుకుంటే చటుక్కున లాగేసేది.

నవంబరులో మెట్లెక్కుతూ మధ్యలో కూలబడితే స్కాన్ తీయించారు. ఛాతీ డాక్టరు మెన్సా అనే ఆవిడ, నెమ్మదస్తురాలు. తెరమీద ఊపిరితిత్తుల బొమ్మ పెట్టింది. అట్టడుగున పాత గాజు మీద గీతల్లా తెల్లటి మచ్చలు.

"ఒక మాట అడుగుతాను, దాచకండి డాక్టర్" అంది లీయాన్. ఒళ్లో చేతులు గట్టిగా పట్టుకుని ఉంది. "ఆ వేప్ నేనే కొనిచ్చాను. ఆయన అడగలేదు, నేనే బలవంతం చేశాను. దానివల్లేనా?"

"ఇప్పుడే అలా అనలేను" అంది డాక్టరు. "ఇలాంటి మచ్చలు చాలావాటివల్ల వస్తాయి. బూజు, గడ్డి దుమ్ము, పక్షులు. పక్షులు లేవని ఇందులో రాసుంది."

అలెక్ కూతురి చేతులకేసి చూశాడు. గోళ్లు పచ్చి కనబడేదాకా కొరికేసుకుంది. పదేళ్ల వయసులో మాన్పించిన అలవాటు అది.

"ఇంట్లో లేవు" అన్నాడు. "సందు అవతల ఉన్నాయి. పావురాలు. అరవై రెండు."

డాక్టరు కలం కింద పెట్టింది. "ఎప్పట్నుంచి?"

"చిన్నప్పట్నుంచీ ఉన్నాయండి."

"మరి ఇన్నేళ్లూ రాని దగ్గు ఇప్పుడెందుకు?" అని లీయాన్ డాక్టరునే అడిగింది. తండ్రివైపు తిరగలేదు.

"సిగరెట్ తాగేవాళ్లలో పక్షుల దుమ్ముతో వచ్చే ఈ జబ్బు తక్కువ కనబడుతుంది. అలాగని సిగరెట్ మేలు చేసిందనుకోకండి, అది చేసే పాడు వేరే. మాన్పించి మంచి పనే చేశారమ్మా. వేప్ ఊపిరితిత్తులకి ఏమీ చేయదని నేననను. రక్తపరీక్ష కూడా చేద్దాం. కానీ నా అనుమానమంతా పావురాల మీదే."

"మొదటిసారే చెప్పుంటే?" అడిగాడు అలెక్.

"చాలావరకు తగ్గేది. మచ్చ పడ్డది మాత్రం ఇక పోదు. పక్షులు వెళ్లిపోతే మిగిలింది కాపాడుకోవచ్చు. ఆ బట్టలు కూడా ఇంట్లో ఉండకూడదు. ఆ దుమ్ము ఎవరి ఒంటిమీద వచ్చినా మీకు పడదు."

కారులో లీయాన్ తాళం తిప్పలేదు. ముందు అద్దంలోంచి చూస్తూ, "నీకు తెలుసు" అంది.

"తెలుసు."

"నేను ఏడుస్తుంటే ఎదురుగా కూర్చుని బిస్కెట్ టీలో ముంచుకున్నావు నాన్నా. రెండేళ్లు."

ఆ పిల్ల అతన్ని ఇంటి ముందు దింపి వెళ్లిపోయింది. రక్తపరీక్షలో కారణం పావురాలే అని తేలిన రోజు కూడా ఫోనులో తల్లితోనే మాట్లాడి పెట్టేసింది. క్రిస్మస్‌కి అత్తవారింటికి వెళ్లింది.

పందెం పావురాన్ని ఇంకొకరికివ్వడం అంత సులువు కాదు. ఇల్లు ఎరిగిన పక్షి ఎక్కడ వదిలినా పాతింటికే వస్తుంది. ఇంకా బయటికి ఎగరని పిల్ల పావురాల్ని జెఫ్ తీసుకున్నాడు. డోరిస్‌తో పాటు పది మంచి పక్షుల్ని యార్క్‌షైర్ నుంచి ఒకాయన పిల్లలు తీయించడానికి పట్టుకెళ్లాడు, జీవితాంతం జాలీ లోపలే ఉంచుతాననే మాట మీద. మిగిలిన ముసలివాటిని చంపేయడం తప్ప దారి లేదు. "నువ్వు కారులో కూర్చో, నేను చూసుకుంటా" అన్నాడు జెఫ్. అలెక్ సందు చివర కారులో అద్దాలు ఎక్కించుకుని కూర్చున్నాడు. జెఫ్ చేతులు తుడుచుకుంటూ వచ్చేదాకా ఏడ్చాడు. ఆ వారంలోనే షెడ్డు పీకేశారు. కిందనున్న సిమెంటు పలక మాత్రం మిగిలింది.

దగ్గు సగానికి తగ్గింది. తెల్లారి లేచి కిటికీ దగ్గర నిలబడటం మాత్రం తగ్గలేదు. ఎవ్రిల్ ఎన్నిసార్లు తెర వేసినా మళ్లీ తీసేవాడు.

మార్చి చివర్లో ఒక ఆదివారం, ఆ పలక మీద ఏదో కదిలింది. బూడిదరంగు. గుమ్మం ఉండాల్సిన చోటుకి నడిచి, ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ నడిచింది. జాలీలోంచి ఎలా తప్పించుకుందో, డోరిస్. తోకలో రెండు ఈకలు లేవు.

అలెక్ కిందికి దిగి, వంటింట్లో మిగిలిన మేత డబ్బా తీసి, వెనక తలుపు తెరిచాడు. ఈల వేయబోయాడు. ఊపిరి చాల్లేదు, దగ్గొచ్చింది. గడప మీద చెయ్యి ఆనించి వంగిపోయాడు.

అప్పుడే ముందు తలుపు తెరుచుకుంది. నాలుగు నెలల తరవాత లీయాన్ వచ్చింది. నెల్‌ని అమ్మమ్మ చేతికిచ్చి వంటింట్లోకి వచ్చి, తండ్రినీ, డబ్బానీ, సందు అవతలి పక్షినీ చూసింది. అతన్ని లోపలికి జరిపి, డబ్బా చేతిలోంచి తీసుకుని, బయటికి వెళ్లి తలుపు మూసింది.

అలెక్ కిటికీలోంచి చూశాడు. లీయాన్ పలక పక్కన గొంతుక్కూర్చుని, చిన్నప్పుడు అతను నేర్పినట్టు డబ్బాని మూడుసార్లు గలగలలాడించింది. డోరిస్ వచ్చి ఆమె మోకాలెక్కింది.

పక్షిని కోటుకి హత్తుకుని పెరట్లోకి వచ్చి, కిటికీ అవతల నిలబడింది. అద్దంలోంచి గొంతు సన్నగా వినబడింది.

"ఇక్కడ ఇల్లు లేదని దీనికెవరూ చెప్పలేదు నాన్నా."

"నీకూ నేను చెప్పలేదు" అన్నాడు అలెక్. "తప్పు చేశానమ్మా. నీ మీద పడేసి ఊరుకున్నాను."

లీయాన్ పెదవి బిగబట్టి తలూపింది. డోరిస్‌ని పైకెత్తి అద్దానికి దగ్గరగా పట్టుకుంది. అలెక్ లోపల్నుంచి అక్కడే అరచెయ్యి ఆనించాడు. కూతురి నల్లకోటు నిండా పావురం పొడి తెల్లగా అంటుకుని ఉంది. ఇప్పుడు ఆమె లోపలికి రావాలంటే పక్షిని జెఫ్‌కి అప్పగించాలి, కోటు బయటే విడవాలి, తల కూడా కడుక్కోవాలి.

"ఎవ్రిల్, అమ్మాయికి తువ్వాలు తీసిపెట్టు" అని కేకేసి, అలెక్ అద్దం దగ్గరే నిలబడ్డాడు.