కొట్టివేత

కాగితం మీద బాల్‌పెన్ను అడ్డంగా బర్రుమని పోయే చప్పుడు వింటే ఇప్పటికీ నా గుండె గుభేలుమంటుంది. నిన్న కర్మన్‌ఘాట్‌లో నేను లెక్కలు చెప్పే కాలేజీలో స్లిప్ టెస్టు జరుగుతుండగా మూడో బెంచీ నుంచి అదే చప్పుడు వచ్చింది. వెంటనే శేషకుమారి మేడం గుర్తొచ్చారు.

ఇంటర్ లెక్కల్లో తప్పి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఆవిడ దగ్గర ట్యూషన్‌కు చేరాను. "సప్లిమెంటరీ గూడ పోతే ఇగ చదువు బంద్ బిడ్డా, దుకాణంల కూసో," అని నాన్న తేల్చేశాడు. మాది చీరల దుకాణం. నాకేమో లెక్కలంటే పిచ్చి. అంత పిచ్చి ఉండీ ఎందుకు తప్పానో నాకే తెలియలేదు. మేడం మొదటి రోజే పట్టేశారు. జవాబు కలవలేదని నేను కొట్టేసిన లెక్కను కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి చదివారు.

"ఎవరు కొట్టేయమన్నారు నిన్ను?" ఆవిడది గుంటూరు గొంతు. క్లాసంతా ఉలిక్కిపడింది.

"ఆన్సర్ తప్పొచ్చింది గద మేడం."

"వస్తే? ఫార్ములా రాశావు, దానికి మార్కుంది. డెరివేటివ్ చేశావు, దానికీ ఉంది. ఆఖర్న గుర్తు తప్పావు, అక్కడొక్కటే పోద్ది. కొట్టేశాక దిద్దేవాళ్లు ఇదంతా చదవరు తల్లీ! చేతికొచ్చినదాన్ని గంగలో కలిపావు."

నాకు ఏడుపొచ్చింది. మొదటి పరీక్షలో అలా ఎన్ని లెక్కలు కొట్టేసి వచ్చానో!

సప్లిమెంటరీకి ఎల్‌బీ నగర్‌లో సెంటర్ పడింది. ఆఖరి ప్రశ్నలో, రేకు మూలలు కత్తిరించి మడిచి, ఎక్కువ పట్టే డబ్బా చేయాలి. ఎంత ముక్క కత్తిరించాలన్నది లెక్క. నాకు ముక్క పొడవు మైనస్‌లో వచ్చింది. పైనుంచి కిందిదాకా వెతికినా తప్పు దొరకలేదు. ఇన్విజిలేటర్ ముందు వరుస నుంచి పేపర్లు లాక్కుంటోంది. పెన్ను దానంతటదే ఆ పేజీ మీదికి వెళ్లింది. ఈ పిచ్చి లెక్క చూసి దిద్దేవాళ్లు నవ్వుతారన్న సిగ్గు ఒకవైపు, మేడం కోపం ఇంకోవైపు. పళ్లు బిగించి పెన్నుకు మూత పెట్టేశాను.

కొట్టేయని ఆ లెక్కకు పడ్డ మార్కులతోనే కాబోలు, అంచు మీద గట్టెక్కాను. లడ్డూల డబ్బా పట్టుకుని పరుగెత్తితే, పరీక్ష రోజే నా లెక్క సంగతి విన్న మేడం దాన్ని విప్పనేలేదు. "ఆ మైనస్ ఎక్కణ్ణుంచి వచ్చిందో కనుక్కున్నావా?" అన్నారు. కూర్చోబెట్టి మళ్లీ చేయించారు. తప్పు దొరికాకే లడ్డూ నోట్లో వేసుకున్నారు.

ఆవిడ ఇప్పుడు లేరు. చిన్న తప్పు కనిపిస్తే మొత్తం చెరిపేయాలనే బుద్ధి మాత్రం నాకు పూర్తిగా పోలేదు, వంటింట్లోనైనా, మనుషుల దగ్గరైనా. పెన్నెత్తిన ప్రతిసారీ ఆ గొంతు వినిపిస్తుంది.

నిన్న మూడో బెంచీ దగ్గరికి ఒక్క ఉదుటున వెళ్లి ఆ పిల్ల చేయి పట్టుకున్నాను.

"ఎవరు కొట్టేయమన్నరే నిన్ను?"

క్లాసంతా ఉలిక్కిపడింది. యాస నాదే. కోపం మాత్రం మేడంది.