హెర్బెన్ చూపించిన పేగు

హెర్బెన్ వీర్స్మా కంటబడిన మనిషికి పేగు చూపించకుండా వదిలేవాడు కాదు.

ఉట్రెక్ట్‌లోని మా ప్రయోగశాలలో పేగులు పెంచడమే పని. మనిషి మలద్వారం లోపలి పొర నుంచి ఆవగింజంత ముక్క గిల్లి తెస్తారు. అందులోని మూలకణాలను వేరుచేసి, జిగురు బొట్టులో పొదిగి, తిండి పెడితే వారానికల్లా బుల్లి పేగులు తయారవుతాయి. కంటికి ఇసుక రేణువులే. సూక్ష్మదర్శిని కింద పెడితే నీటి బుడగల్లా గుండ్రంగా, చుట్టూ మొగ్గలతో కనిపిస్తాయి. పెంచేవాళ్ళం అందరమూ. పిచ్చి మాత్రం ఆయనొక్కడికే.

పార్సెల్ తెచ్చిన మనిషి సంతకం అడిగితే, "పెడతాను గానీ, ముందిలా కూర్చో" అనేవాడు. హీటరు బాగుచేయడానికొచ్చిన మెకానిక్కూ తప్పించుకోలేదు. అగ్నిప్రమాద కసరత్తులో గంట మోగుతుంటే, మమ్మల్ని బయటికి తరమడానికొచ్చిన అధికారిని కూడా స్టూలు మీద కూర్చోబెట్టాడు.

"సార్, బిల్డింగు తగలబడుతోందనుకోవాలి."

"అనుకుందాం. ఈ మొగ్గ చూశారా?"

ఒక డిసెంబరులో, సిబ్బంది పిల్లలకు కానుకలు పంచడానికి క్రిస్మస్ తాతలాంటి వేషం కట్టుకొచ్చిన సింతర్‌క్లాస్‌నూ వదల్లేదు. బిషప్ టోపీ తీయించి మరీ చూపించాడు. తెల్లగడ్డం ఫోకస్ మరలో చిక్కుకుంది. వరండాలో పిల్లలు స్వాగత గీతం మూడోసారి ఎత్తుకున్నారు.

"ఎలా ఉంది?" అన్నాడు హెర్బెన్.

"దివ్యంగా ఉంది. గడ్డం వదిలించు నాయనా."

ఎవరొచ్చినా చూపించేది ఒకటే పేగు. "వందలమందివి ఉన్నాయి కదయ్యా, ఎప్పుడూ అదేనా?" అని నేనడిగితే, "అది సిగ్గుపడదు" అనేవాడు.

మార్చిలో మార్లూస్ అనే ఆవిడ పదిహేడేళ్ళ కూతురు ఫెన్నాను తీసుకొచ్చింది. ఊపిరితిత్తుల్లో జిగట పేరుకుపోయే జబ్బు ఆ పిల్లకు పుట్టుకతోనే ఉంది. కొత్త మందు వచ్చింది. కానీ ఫెన్నాలో ఉన్న లోపం బహు అరుదు. పనిచేస్తుందన్న ఆధారం లేనిదే మందు ఇవ్వరు. ఆ లోపం పేగు కణాల్లోనూ ఉంటుంది గనక, ఆమె కణాలతో పెంచిన పేగు మందు తగిలి ఉబ్బితే అదే ఆధారం. ఆ ముక్క ఇవ్వడానికే పిల్ల ఒప్పుకోవడం లేదు.

"జబ్బు ఛాతీలో ఉంటే, వీళ్ళు వెతికేదెక్కడమ్మా?" అంది ఫెన్నా.

"ఒక్క నిమిషం పనటే."

"అయితే నువ్వు చేయించుకో."

నేను సర్దిచెప్పబోయేలోగా హెర్బెన్ స్టూలు లాగాడు.

"చూద్దువుగాని, కూర్చో."

నాకు తల కొట్టేసినట్టయింది. దేనికైనా సమయం సందర్భం ఉండక్కర్లేదా?

ఫెన్నా వంగి చూసింది. దగ్గింది. మళ్ళీ చూసింది.

"బానే ఉంది. ఎవరిది?"

"నాది."

ఫెన్నా తల పైకెత్తింది. "అంటే, మీ..."

"ఆఁ. అక్కణ్ణుంచే."

పార్సెల్ మనిషి, అధికారి, గడ్డం చిక్కిన సింతర్‌క్లాస్ వరసగా నా కళ్ళముందు తిరిగారు. నేనైతే ఆరేళ్ళుగా దాన్ని మెచ్చుకుంటూ వస్తున్నాను.

"మీకే జబ్బూ లేదుగా. ఎందుకిచ్చారు?"

"పోల్చి చూడ్డానికి జబ్బు లేనివాళ్ళదీ ఒకటి కావాలి. అదీగాక నీలాంటి వాళ్ళని అడగాల్సింది నేను. నేను చేయించుకోకుండా ఏ మొహం పెట్టుకుని అడగను?"

"నొప్పా?"

"నొప్పేం లేదు. సిగ్గే. గౌను వెనక ముడి ఊడింది. నర్సు చూస్తే మా పక్కింటావిడ."

ఫెన్నాకు నవ్వొచ్చింది, నవ్వుతో పాటు దగ్గూ వచ్చింది. అది తెరిపిచ్చేదాకా హెర్బెన్ ఆగాడు.

"తర్వాత?"

"సైకిలెక్కి హౌటెన్‌లో మా ఇంటికి పోయాను. ఎదురుగాలి."

"కూర్చుని తొక్కారా, నిలబడి తొక్కారా?"

"మొదటి వంతెన దాకా నిలబడే. అక్కర్లేదని అక్కడ తెలిసింది."

ఫెన్నా లేచి కోటు తొడుక్కుంది.

"అమ్మా, బుధవారానికి పెట్టించు. గురువారం లెక్కల పరీక్ష. కూర్చోలేకపోతున్నానంటే మా సారు మాత్రం ఏం చేస్తారు?"