ఉపవాసం నీరసం అనుకున్నాం

ఆ ఏడు శివరాత్రికి మా ఊళ్లో ప్రభ కడుతున్నారు, దేవుడికి కర్రలతో ఆకాశమంత ఎత్తున కట్టేది. తాళ్లు బిగించడానికి ఏటా మా ఆయనే పైకెక్కుతాడు. ఈసారి వద్దన్నా విన్లేదు. సగం ఎక్కి, కర్ర పట్టుకుని అక్కడే ఆగిపోయాడు. "కళ్లు తిరుగుతున్నాయే" అన్నాడు దిగినాక. ఉపవాసం గదా, నీరసంలే అన్నారందరూ. నేనూ అదే అనుకున్నా.

ఆయన క్వారీలో రాయి కొట్టే మనిషి. అంతకుముందే మామూలు మందులకు లొంగని టీబీ వచ్చింది, ఎండీఆర్ అంటారు. మాత్రలు మింగుతుంటే దగ్గు తగ్గింది. గట్టెక్కాంలే అనుకున్నాం.

పండగ పోయి అన్నం తింటున్నా నీరసం పోలా. ఆర్‌ఎంపీ దగ్గర బలానికి సెలైన్ ఎక్కించాం. మా వైపు ఒంట్లో బాగాలేదంటే ముందు అదే గదా! తగ్గకపోగా ఆయాసం మొదలైంది. గోళ్లు తెల్లగా పాలిపోయినయి. భయమేసి నరసరావుపేటలో టీబీ మందులిచ్చే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయా.

సీబీసీ అని రక్తపరీక్ష చేయించి, అది చూసి డాక్టరమ్మ, "నెలనెలా చేయించమన్న టెస్ట్ ఏదీ?" అంది. ప్రభ పనుందని ఈయనే ఎగ్గొట్టాడు.

"టీబీ మందుల్లో ఉండే లినెజోలిడ్ మాత్ర వల్లమ్మా ఇది. రక్తకణాలన్నీ ఎముక మజ్జలో ఉండే స్టెమ్ సెల్స్ నుంచే పుడతాయి. వాటికి శక్తినిచ్చేది లోపలుండే మైటోకాండ్రియా. అది ఒకప్పటి బ్యాక్టీరియా వంశమే. అందుకే మాత్ర టీబీ క్రిమితోపాటు దాన్నీ కొడుతుంది. శక్తి చాలక రక్తం తయారవట్లేదు."

"ఆ కణాలు చచ్చిపోయినయ్యా?"

"లేదు. ఒత్తిడికి పని తగ్గించుకున్నాయి. మాత్ర ఆపితే మామూలుగా మళ్లీ లేస్తాయి."

ఆపితే టీబీ తిరగబెడితే? ఏంది సామీ ఈ పరీక్ష అని వరండాలో కూర్చుని ఏడ్చా. ఆయనైతే "మందులన్నీ పారేస్తా, నా వల్ల కాదు" అన్నాడు.

"పారేస్తే నేనేం కావాల? నోర్మూసుకుని మింగు" అన్నా.

డాక్టరమ్మ ఆ ఒక్క మాత్రే ఆపి, రక్తం ఎక్కించింది. చానా రోజులు రిపోర్టు కదల్లేదు. పగవాళ్లకి కూడా వద్దు ఆ ఎదురుచూపు. ఆయన మంచం దిగకపోతే ముందైతే విసుక్కునేదాన్ని. ఆ కణాల సంగతి విన్నాక, ఈయనా వాటిలాగే శక్తి చాలక పడుకున్నాడని విసుగు రాలేదు, జాలేసింది. తర్వాత హెచ్‌బీ, అదే రక్తం శాతం, మెల్లగా పెరిగింది. అదే మాత్ర డోసు తగ్గించి మళ్లీ మొదలుపెట్టారు.

ఈమధ్యే కోర్సు పూర్తయింది. కఫంలో క్రిమి లేదన్నారు. క్వారీ దుమ్ములోకి మాత్రం ఇక పంపను. ఇంటి ముందే టీ బంకు పెట్టుకున్నాం.

మీ ఇంట్లో ఎవరైనా ఈ మాత్ర వాడుతుంటే, పండగొచ్చినా పబ్బమొచ్చినా నెలనెలా రక్తపరీక్ష తప్పనీయకండి. నీరసమంటే సెలైన్‌కి పరిగెత్తకండి.

ఇది రాస్తుంటే బంకులోంచి కేకలేస్తున్నాడు, పాలు పొంగుతున్నాయంట. అరవనీ. అరిచే ఊపిరుంది, నాకదే చాలు.