మెట్ల మీద నేర్చిన ఇంగ్లీషు భజన

పాట దొరకని కాలం ఒకటుండేదని ఇవాళ్టి కుర్రాళ్ళతో అంటే నాకేసి జాలిగా చూస్తారు. చూడనీండి. మేం రంగూన్లో ఎదుగుతున్న రోజుల్లో ఈ దేశపు తలుపులు ఒకటొకటిగా మూతపడ్డాయి. పెద్ద దుకాణాలను సర్కారు తీసేసుకుంది. బయటి పత్రికలు ఆగిపోయాయి. ఓడల్లో రికార్డులు రావడం మానేశాయి. ఇంగ్లీషు పాటలు కుర్రకారును పాడుచేస్తాయని పైవాళ్ళు తేల్చారట, రేడియో కూడా నోరు మూసుకుంది. (మమ్మల్ని పాడుచేసినవేమిటో నాకు బాగా తెలుసు. వాటిలో పాటలు లేవు.) విద్యార్థులు ఊరేగితే తుపాకులు పేలేవి, మర్నాడు ఊరంతా ఏమీ ఎరగనట్టు టీ తాగుతూ కూచునేది. అలాంటి కాలంలో నాకు పద్దెనిమిదేళ్ళు నిండాయి. నాలుగో తరగతితో ఆగిపోయిన చదువును పబేడాన్ పేవ్‌మెంటు మీద అమ్మే పాత పుస్తకాలతో నాకు నేనే పూర్తిచేసుకుని, లోకంలో నాకు తెలియనిది లేదన్న ధీమాతో తిరుగుతుండేవాణ్ణి.

మేముండేది సేక్కాన్ రేవు పక్క ఒక పాత మేడలో. కింది అంతస్తుల్లో అంతా మా తెలుగువాళ్ళు, తాతలనాడు మూటలు మొయ్యడానికి ఓడ దిగి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు. పైమేడలో ఒక ఆంగ్లో-బర్మీస్ ఆవిడ ఒక్కతే ఉండేది. ఏదో విదేశీ కంపెనీలో టైపిస్టు. కంపెనీ పోయాక ఇంటి దగ్గరే నలుగురికీ అర్జీలు టైపుకొట్టి పెట్టేది. మేమంతా ఆమెను ఆంటీ అనేవాళ్ళం. సాయంత్రం ఆరయ్యేసరికి ఆ ఆంటీ తన గ్రామఫోను మీద రికార్డు పెట్టేది. ఆమె దగ్గర ఎన్నో ఉండేవి గానీ, ఆఖరున మాత్రం ఎప్పుడూ ఒకటే రికార్డు.

దాన్ని ఎలా చెప్పను? నలుగురు మగవాళ్ళు పాడేవారు. ఒకడి గొంతు రేవులో ఓడ కూతలా నేల అడుగునుంచి లేచేది. ఇద్దరు మధ్యలో మెత్తగా గోడలు కట్టేవారు. నాలుగోవాడు ఆ గోడల మీదుగా పావురంలా ఎగిరి ఎక్కడో వాలేవాడు. కింది ముగ్గురూ పాడేవి మాటలు కూడా కావు, బుర్రకథలో వంతలు అందుకునే తందానాలాంటి చప్పుళ్ళు. అయినా ఆ చప్పుళ్ళకే నా వీపు మీద రోమాలు లేచి నిలబడేవి. మనుషుల గొంతుల్లో ఇలాంటిది దాగి ఉంటుందని నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. అది ఒట్టి కేకలని ఎవడైనా అంటే నాకీ రోజుకీ ఒళ్ళు మండుతుంది.

మేం నలుగురం మెట్ల మీద కూచుని వినేవాళ్ళం. నేను, గంజాం అన్నదమ్ములిద్దరు, మా అందరిలోకీ లావుపాటి గొంతు ఉన్నందుకు బొంగురు అని పేరుపడ్డవాడు. మేం నలుగురం రామభజన గుంపులో వాళ్ళం. మా గురువు స్వయానా నా మేనమామ. రేవులో మేస్త్రీ, ఇంటికొస్తే తాళాలు పట్టుకునేవాడు. ఆయన పద్ధతి ఒకటే, గురువు నోట ఎలా వచ్చిందో అలాగే శిష్యుడి నోట రావాలి. "గురువు దగ్గితే నువ్వూ దగ్గాల. పాట నీ బాబు సొమ్ము కాదురా" అనేవాడు. మూడేళ్ళపాటు మేం పైమేడ పాటను ఆ పద్ధతిలోనే నేర్చుకున్నాం. ఒక్క ఇంగ్లీషు ముక్క అర్థం కాకపోయినా అక్షరం పొల్లుపోకుండా నేర్చుకున్నాం. మావకు మాత్రం ఆ పాట గిట్టదు. ఆరు కాగానే కిటికీ మూసేవాడు.

వెళ్ళిపోయేవాళ్ళు వెళ్ళిపోతున్నారు. మావాళ్ళలో సగంమంది విశాఖపట్నం ఓడ ఎక్కేశారు. చివరికి ఆంటీకి కూడా ఆస్ట్రేలియా వెళ్ళడానికి కాగితాలు వచ్చాయి. ఓడ ఎక్కడానికి రెండు రోజుల ముందు ఆమె నన్ను పైకి పిలిచింది. గదిలో పెట్టెలు. కిటికీ గుమ్మం మీద ఆ రికార్డు. మధ్యలో పెద్ద కన్నం ఉన్న చిన్న నల్ల పళ్ళెం, ఇంతేనా అనిపించింది. సర్దుళ్ళ హడావిడిలో దాన్ని ఎండలో మరిచిపోయిందట, అప్పడంలా వంకర తిరిగింది. సూది దాని మీద నిలవడం లేదు. ఆమె బర్మాభాషలో నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో తనూ మరో ముగ్గురు స్నేహితురాళ్ళూ కలిసి ఆ రికార్డు కొన్నారు. పెళ్ళిళ్ళలో, పార్టీల్లో దాంతోపాటు నాలుగు గొంతులూ పంచుకుని పాడేవారు. ఆ ముగ్గురూ ముందే దేశం విడిచారు. రికార్డులు బయటికి పోనివ్వరు, రేవులోనే తీసేసుకుంటారు. గ్రామఫోను కొన్నవాడు ఎల్లుండి పొద్దున్నే వచ్చి పట్టుకుపోతాడు. రేపు సాయంత్రం ఒక్కసారి ఆ పాట వినేసి వెళ్ళిపోవాలని ఉంది, ఇది సాపు చేయించే చోటేదైనా తెలుసా అని అడిగింది.

చోటెందుకు, నేనే చేస్తానన్నాను. ఎందుకంటే నేను చదివాను. పేవ్‌మెంటు మీద కొన్న బర్మాభాష ఇంటి మరమ్మతుల పుస్తకంలో, వంకరపోయిన రికార్డును కాస్త వెచ్చచేసి బరువు కింద అణిస్తే సాపవుతుందని రాసి ఉంది. కాస్త అంటే ఎంతో రాసిన పేజీని చెదలు తిన్నాయి. అదొక లోపమని నాకు తోచలేదు. రేపు ఆరింటికల్లా మీ పాట మీకు వినిపిస్తానని దేవుడి మీద ఒట్టేసి మరీ తెచ్చుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం అమ్మ అన్నం వండుతుంటే, ఉడుకుతున్న గిన్నె మీద రికార్డు పెట్టి, దాని మీద ఇత్తడి కలశం బరువుగా ఉంచి, పక్కన కూచుని పుస్తకంలో తరవాతి అధ్యాయం చదువుకున్నాను. (కుర్చీ కాలు అతికించడం గురించి. అది కూడా తరవాత విరిగింది.) తీసి చూసేసరికి రికార్డు కలశం అడుగును హత్తుకుని గుండ్రంగా లోతుగా తయారైంది. అంచు చుట్టూ పువ్వు రేకుల్లా మడతలు.

"ఏట్రా అది, మూకుడా?" అంది అమ్మ.

కాసేపటికి బొంగురు వచ్చి, దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పకోడీలెయ్యడానికి బాగుంటాది" అన్నాడు. వాణ్ణి కొట్టబోయి, మధ్యలోనే ఏడ్చేశాను.

ఐదున్నరకు నలుగురం మెట్లెక్కాం. ఎవరికి వచ్చిన ఆలోచనో చెప్పలేను. నాదేనని చాలాకాలం చెప్పుకున్నాను గానీ, బొంగురుది అయ్యుంటుంది. రికార్డు లేకపోతేనేం, పాట మా దగ్గర ఉంది. చేతిలో తాళాలు కూడా ఉన్నాయి. అవి లేకుండా ఎలా పాడాలో మాకు తెలియదు. ఆంటీ మూకుడుకేసి చూసింది, నాకేసి చూసింది, దాన్ని పక్కన పెట్టుకుని మంచం మీద కూచుంది. నేను క్షమాపణకు నోరు తెరిచాను. అప్పటికే బొంగురు అడుగునుంచి అందుకున్నాడు.

పాడాం. గంజాం అన్నదమ్ములు గోడలు కట్టారు. పావురం పని నాది. అంత పైకి వెళ్ళాక ఎలా దిగాలో తెలియక కళ్ళు మూసుకున్నాను. రెండో చరణంలో ఒక పంక్తి ఉంది. దాన్ని పాటగాడు మూడుసార్లు తిప్పి తిప్పి అంటాడు. మూడోసారి అయ్యాక ఢామ్మని ఒక దెబ్బ, ఆ తరవాత పాట ముందుకు సాగుతుంది. మా భజనలోనూ మావ తన్మయత్వంలో ఉంటే పంక్తిని అలాగే తిప్పుతాడు గనక, ఆ పాటగాడి భక్తి మాకు మహా గొప్పగా అనిపించేది. మూడుసార్లు అన్నాం. నలుగురం ఒక్కసారిగా కుడికాలెత్తి చెక్కనేల అదిరేలా తన్నాం.

ఆంటీ రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందనుకుని ఆగిపోయాం. నవ్వుతోంది. ఊపిరి అందక మంచం కోడు పట్టుకుని నవ్వుతోంది. రికార్డు మీద అక్కడ గీత పడిందట. సూది ఇరుక్కుని అదే పంక్తి మళ్ళీ మళ్ళీ పాడుతుంటే, ఆమె నేల మీద కాలితో తన్ని ముందుకు దూకించేదట. "ఆ దెబ్బ నాదిరా పిల్లలూ. మూడేళ్ళుగా నన్ను కూడా నేర్చుకున్నారా?" అంది.

సిగ్గుతో చచ్చిపోతున్నాం. అంతలో ఆమె కళ్ళు తుడుచుకుని లేచి, మా మధ్య నిలబడి, మళ్ళీ మొదటినుంచి పాడదామంది. ఈసారి పావురం పని ఆమె తీసుకుంది. ఆ సన్నటి, కొంచెం వణికే గొంతు మా నలుగురి మీదుగా లేచినప్పుడు నాకు కలిగింది భయమో భక్తో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. మూడేళ్ళు మెట్ల మీద కూచుని విన్న ఆ వింత ఇప్పుడు నా పక్కటెముకల్లోంచి వస్తోంది. ఆ చోటు రాగానే ఆమె కూడా మూడుసార్లు తిప్పింది. ఐదుగురం తన్నాం.

తలుపు దగ్గర అలికిడైంది. వార్డు మనిషి. ఎవరింట్లో ఏం జరుగుతోందో పైకి చేరవెయ్యడం అతని ఉద్యోగం. అతని వెనక మావ. రేపు ఓడ ఎక్కవలసిన మనిషి కాగితాలు పోవడానికి ఈ రాత్రి ఒక్క ఫిర్యాదు చాలు. ఇదేం పాటని అతను అడిగాడు. మావ తాళాలకేసి, మాకేసి, మంచం మీది మూకుడుకేసి చూశాడు. చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి చేతులు జోడించి, "బజన, సయా. ప్రయాణమయ్యేవోళ్ళకి సేస్తాం" అని బర్మాభాషలోనూ తెలుగులోనూ కలిపి చెప్పాడు. (సయా అంటే అయ్యగారు.) వార్డు మనిషి కూడా చెప్పులు విడిచి ఒక పెట్టె మీద కూచున్నాడు. పాట చివరిదాకా విన్నాడు. వెళ్ళేటప్పుడు దణ్ణం పెట్టాడు.

మెట్లు దిగుతూ మావ మా అంతస్తు దగ్గర ఆగి, "ఆళ్ళెవులో గానీ, మంచి గురువు దగ్గర నేర్సుకున్నార్రా" అన్నాడు. ఆయన నోట నేను విన్న పొగడ్త అదొక్కటే, అదీ మాకు కాదు.

ఏడాదికి ఆస్ట్రేలియా నుంచి ఉత్తరం వచ్చింది, ఎవరో విప్పి చదివి మళ్ళీ అంటించిన కవరులో. రేవులో ఆంటీ రికార్డులన్నీ తీసేసుకున్నారట. మూకుణ్ణి మాత్రం ఒకతను వేలితో కొట్టి చూసి, ఇదేమిటన్నాడట. నిమ్మకాయలు పెట్టుకునేది అందట. పొమ్మన్నాడట. ఇప్పుడు బల్ల మీద ఉంది, నిజంగానే నిమ్మకాయలు పెట్టాను, అని రాసింది.

ఆ ఉత్తరం వచ్చినప్పటినుంచి, కస్టమ్స్ వాళ్ళ కళ్ళు కప్పడానికి నేనే ఉపాయం పన్ని రికార్డును మూకుడుగా వంచానని ఊరంతా చెప్పుకుంటూ వచ్చాను. నా పెళ్ళి చూపుల్లో కూడా చెప్పాను, నా భార్య నమ్మింది. ఇవాళ నిజం రాసేశాను గనక ఆమె చదవకుండా చూసుకోవాలి. ఎంత కోపిష్టి ముసలివాణ్ణయినా, కుంపటి పక్కన కుర్చీకాలు అధ్యాయం చదువుకుంటున్న ఆ పద్దెనిమిదేళ్ళ మేధావి మీద మాత్రం నాకు కోపం రాదు. ఇంకాసేపట్లో వాడు గిన్నె మీది కలశం ఎత్తుతాడు. అందాకా చదువుకోనీ.