మాత్రలు లెక్కపెడితే బస్సు కదిలింది

మొన్న నా వల్ల ఒక కండక్టర్ తన బస్సు వెనక తానే ఉరికిండు. నవ్వకుండ్రి, ముందు వినుండ్రి!

నాది ఎం.ఏ. తెలుగు గదా. ఆ రోజు క్యాంపస్‌ల సెమినార్. ఒక కథాగేయంల మాత్రలు, ప్రాస, పునరుక్తి ఎట్లున్నయో చెప్పాలె. జొన్న బస్తాలు బండికెత్తుకొని సంతకు పోయే రైతు కథ అది. ప్రతి చరణం చివర 'పోనీ పోనీ బండీ' అని వస్తది. మాత్రలు కుదిరినయి, ప్రాస దొరికింది. కానీ ఆఖర్ల వాగొచ్చి బస్తాలన్నీ కొట్టుకపోతయి, ఎడ్లు మాత్రం బతుకుతయి. బండి బురదల కూరుకపోయినంక గూడ ఆయన 'పోనీ' అంటడేంది? నాకైతే సమజ్ కాలె. సార్ గదే అడుగుతడని ఒకటే టెన్షన్!

మల్కాజ్‌గిరిల బస్సెక్కి డ్రైవర్ వెనక సీట్ల కూసున్న. తార్నాకల ఒక ముసలామె మూట దించనీకె కండక్టరన్న కిందికి దిగిండు. నేనేమో లోకం మరిచి, పక్కన రేకు మీద మాత్రలు కొడుతున్న. టక్ టక్... 'పోనీ పోనీ బండీ!' టక్ టక్...

రెండు దెబ్బలు పడితే 'రైట్' అని డ్రైవరన్న లెక్క. గేరేసిండు. బస్సు పోయింది!

"అరె, కండక్టర్ కిందనే ఉన్నడు!" వెనక నుంచి లొల్లి. బ్రేక్ పడేసరికి చాన దూరం వచ్చేసినం. చూస్తే, టికెట్ మిషన్ గుండెకు అదుముకొని ఉరికొస్తున్నడు పాపం!

ఎక్కిండు. ఒగరుస్తనే, "ఎవరు కొట్టిండ్రు?"

బస్సంత నా దిక్కు చూసింది. లేచి నిలబడ్డ. "నేనే అన్నా... సారీ అన్నా... సెమినార్ ఉన్నది, గేయం మాత్రలు లెక్కపెడుతున్న..." ఏడుపొక్కటే తక్కువ.

ఆయన చెమట తుడుచుకుండు. "పోనీ తియ్యమ్మా. ముసలామె మంచిగ దిగింది, గంతే చాలు."

నేను టక్కున మళ్ల సీట్ల కూసున్న. పోనీ! బస్తాలు పోతే పోనీ, ఎడ్లు బతికినయి గదా! ముందంత ఎడ్లను అదిలించే 'పోనీ', ఆఖరుకు మనసుకు చెప్పుకునే 'పోనీ'. అదే మాట, అవే నాలుగు మాత్రలు!

యూనివర్సిటీ స్టాప్‌ల దిగుతుంటే చేతులెత్తి దండం పెట్టిన. "మస్తు థ్యాంక్స్ అన్నా! మీ మేలు మరువ."

"నేనేం జేసిన్నమ్మా?" ఆయన పరేషాన్.

సెమినార్‌ల సార్ గదే అడిగిండు. గడగడ చెప్పిన. సార్ కండ్లద్దాలు తీసి, "శభాష్! ఈ పాయింట్ ఎక్కడ దొరికింది?" అన్నడు.

కండక్టర్‌ను ఉరికిచ్చిన అని ఎట్ల చెప్తం?

"ఫీల్డ్‌వర్క్ సార్!" అన్న.