కాపాడలేదని చెప్పిన ఆదివారం

మొన్న మందిరంలో నా ముందు కూర్చున్నామె చీర నుంచి గంజి వాసన వచ్చింది. ఎండలో బిర్రుగా ఆరిన తెల్లచీర వాసన. అంతే, పాస్టరు గారి ప్రసంగం ఇక నా చెవికెక్కలేదు. ఎప్పుడూ అలాంటి చీరే కట్టే కాంతమ్మత్త గుర్తొచ్చింది. నాకు సంతకం తప్ప రాత రాదు, మా అమ్మాయికి తెలుగు కన్నా హిందీయే బాగా వచ్చు. అందుకని పక్కింటి టీచరమ్మ చేత ఇది రాయిస్తున్నాను. ఆమెను చూడనివాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి కదా.

కాంతమ్మత్త నాకు చుట్టం కాదు. భిలాయి క్యాంప్ 2లో మా రెండిళ్లకూ మధ్య గోడ ఒక్కటే. విజయనగరం వైపు మనిషి. ఒక్కగానొక్క కొడుకు జ్వరంతో పోయాడు, ఆ తర్వాత ఉక్కు ప్లాంటులో పనిచేసిన భర్తా పోయాడు. ఆ సంగతులు ఎత్తేది కాదు. నేను కాపురానికొచ్చిన కొత్తలో, బైబిలు చదవడం రాదని సిగ్గుపడి మందిరంలో వెనక నక్కి కూర్చుంటే, లాక్కొచ్చి తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఆమెకూ చదువు రాదు. పుస్తకం ఒళ్లో తెరిచి పెట్టుకునేది. అది తలకిందులుగా ఉందని ఒకరోజు చెబితే, "ఆయన పైనుంచి సూస్తాడు కదే, ఆయనకి సరిగ్గానే ఉంటాది" అంది.

మా మందిరంలో పాటలయ్యాక సాక్ష్యాలు చెబుతారు. ఒక్కొక్కరే లేచి ఆ వారం దేవుడు చేసిన మేలు చెప్పాలి. నాకేమీ తోచకపోతే ఆమే ఒక మాట నేర్పింది. గడిచిన వారమంతా నన్నూ నా భర్తనూ నా బిడ్డనూ కాపాడిన దేవునికి వందనాలు. ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం అదే చెప్పి కూర్చున్నాను.

మా ఆయన భిలాయి పక్కనే హథ్‌ఖోజ్‌లో ఒక చిన్న కార్ఖానాలో వెల్డింగు చేసేవాడు. కామెర్లు ముదిరి మంచం పట్టాడు. సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించింది. నేనూ మూడు రోజులు మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. నాలుగో రోజు పొద్దున్నే పోయాడు. ఓదార్చడానికి వచ్చిన ఒకామె, నా విశ్వాసం ఇంకాస్త గట్టిగా ఉండాల్సిందని చెప్పి వెళ్లింది. గుమ్మంలో కూర్చుని అంతా విన్న కాంతమ్మత్త, "కొలవడానికి దాని దగ్గర సోల ఉందేటి?" అంది. నాకు నవ్వు రాలేదు. అప్పటికే నాలో ప్రార్థన ఎండిపోయింది. కళ్లు మూసుకుంటే అవతల ఎవరూ ఉన్నట్టే అనిపించేది కాదు.

ఆయన పోయిన మూడో ఆదివారం కాంతమ్మత్త పోరు పడలేక మందిరానికి వెళ్లాను. నా వంతు వచ్చింది. అలవాటు కొద్దీ లేచాను. అలవాటు కొద్దీ నోరు ఆ మాటే అనేసింది, నన్నూ నా భర్తనూ కాపాడిన దేవునికి అని. పాస్టరు గారు తల దించుకున్నారు. నేను కూర్చోలేదు.

"కాపాడలేదు" అన్నాను.

ఇక ఇక్కడ నాకు చోటు లేదనుకుని, చెప్పుల కోసం గుమ్మం వైపు చూశాను. అప్పుడు మోకాళ్లు పట్టుకుంటూ కాంతమ్మత్త లేచింది.

"నా కొడుకునీ కాపాడ్నేదు. ఎందుకో నాకిప్పటికీ తెల్దు. అడగడానికే వస్తన్నాను."

నా చెయ్యి పట్టుకుని కిందికి లాగి కూర్చోబెట్టింది.

ఇంటికి వస్తూ అడిగాను, దేవుడు ఎప్పుడైనా జవాబు చెప్పాడా అని. నేదు అంది. మరి ఎందుకు వెళ్లడం అన్నాను.

"నా కొడుకు పేరు తెలిసినోడు ఇంకెవుడున్నాడే?"

పోయినేడు కాంతమ్మత్త కూడా పోయింది. సమాధి దగ్గర అందరూ ఆమెది చెదరని విశ్వాసం అన్నారు. నేను ఆ మాట అనలేకపోయాను. మా ఆయన పోయాక మొదటిసారి నోరు తెరిచి ప్రార్థన చేశాను. ప్రభువా, నీ మీద నా కోపం పోలేదు, మా కాంతమ్మత్త నీ దగ్గరికి వస్తోంది, ఇన్నేళ్లూ అడిగింది కదా, ఇప్పుడైనా ఆమెకు జవాబు చెప్పు అన్నాను. ఆమెన్ అనడానికి అందరూ తటపటాయించారు. నేనే అన్నాను.

ఇప్పటికీ నాకే జవాబూ రాలేదు. ఆదివారం వస్తే మాత్రం వెళ్తున్నాను. మా ఆయన పేరు చెప్పి, ఎందుకని అడుగుతున్నాను.