మా దిబ్బల ఇసుక

డెబ్బైల చివర్లో యూనివర్సిటీ జియాలజీ ల్యాబులో ఒకే ప్రొఫెసరుగారి దగ్గర ముగ్గురం పరిశోధన చేసేవాళ్లం. సీనియరు ఒకాయన నల్ల ఇసుకలోంచి బరువైన ఖనిజాలు వేరు చేసేవాడు. హాస్టల్లో నా గదిలోనే ఉండే మిత్రుడు సముద్రపు బురదలో దొరికే, కంటికి ఆనని గవ్వల్ని మైక్రోస్కోపు కింద చూసేవాడు. నేను ఎంచుకున్నది మా కోనసీమనే. రాజోలు నుంచి సముద్రం దాకా వరసలుగా ఉన్న ఇసుక దిబ్బలన్నీ ఒకప్పటి తీరాలు. ఏది ఎంత పాతదో తేల్చాలని నా తపన. ఆ మాటలే మిత్రుడికి విసుగొచ్చేలా చెప్పేవాణ్ణి. అతను మాత్రం విసుక్కోకుండా వినేవాడు.

ఇంతలో నాకు కామెర్లొచ్చి ఇంటికి వెళ్లిపోయాను. మిత్రుడు చూడ్డానికొచ్చాడు. భోజనానికి ముందు ప్రార్థనలో అమ్మ అతన్ని కూడా తలుచుకుంది.

"నీ పని ఆగిపోయిందిగా, శాంపిళ్లు నేను పట్టుకెళ్తాను" అన్నాడు. నాకు కళ్లు చెమర్చాయి. బళ్లో మాస్టారైన మా అన్నయ్య సెలవు పెట్టి మరీ దిబ్బలన్నీ తిప్పి చూపించాడు. సాయంత్రం ఇసుక సంచులు తనే మోసుకొస్తూ, "మీరెందుకండీ, మా తమ్ముడి పనే గదండీ" అంటున్నాడు.

కోలుకుని ల్యాబుకి వెళ్తే ఆ సంచులన్నిటి మీదా మిత్రుడి పేరుంది.

"నువ్వెప్పటికొస్తావో తెలీదు. దిబ్బలు తను చేస్తానని అడిగాడు, ఇచ్చాను. నువ్వు బావుల్లో ఉప్పునీటి సంగతి చూడు" అన్నారు ప్రొఫెసరుగారు.

"మా ఇంటికొచ్చేముందే అడిగావా?" అన్నాను మిత్రుణ్ణి.

"అవును" అన్నాడు, జల్లెడ ఆపకుండానే.

ఆ రోజే గది మారిపోయాను. సీనియరు జరిగినదంతా విని, తన ట్రేలో నల్ల ఇసుకని మళ్లీ కదపసాగాడు.

సెలవులకి వెళ్లినప్పుడు అన్నయ్య ఉత్సాహంగా అడిగాడు: "మన ఇసుక ఎంతదాకా వచ్చిందిరా?"

చెప్పేశాను.

"అమ్మ చేతి అన్నం తిని వెళ్లేడు గదరా" అన్నాడు అన్నయ్య. "అమ్మకి చెప్పకు."

బావుల నీళ్ల మీద థీసిస్ పూర్తిచేసి అమలాపురంలో లెక్చరరుగా చేరాను. ఆ థీసిస్ మంచి పనేనన్నారు అందరూ. కావచ్చు. అతని థీసిస్ కాపీ మా కాలేజీ లైబ్రరీకి వస్తే తెరిచాను. కృతజ్ఞతల పేజీలో, దిబ్బలు చూపించిన స్థానికులకి ధన్యవాదాలని ఒక్క వాక్యం ఉంది. అన్నయ్యకి అది చూపించలేదు.